ఆఫీసక్క ఎర్ర పుస్తకాల్లోని గుర్తులు ఎవరికైనా తెలుసా?

కొత్త_ఆఫీసు

అందరికీ నమస్కారం. మల్కాజిగిరి వైపు రైల్వే గేటు దాటాక ఉన్న మన చిన్న బడిలో చదువుకున్నవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలిసి రాస్తున్నాను. బడి ఆఫీసు చూసుకున్న మన ఆఫీసక్క పోయి వచ్చే ఆదివారానికి రెండు నెలలు. సంతాప సభకు వచ్చినవాళ్లు నన్ను చూసే ఉంటారు. నేరేడు చెట్టు కింద నీళ్ల డ్రమ్ము దగ్గర గ్లాసులు అందించింది నేనే. ఆ రోజు అందరూ మాట్లాడారు, నాకు మాత్రం గొంతు పెగల్లేదు. ఆమె కుర్చీలో కూర్చోవలసింది నేనేనని అప్పటికింకా తెలియదు.

మా పిల్లలిద్దరూ ఇక్కడే చదువుతున్నారు, ఒకరు చిన్న గుంపులో, ఒకరు నడిమి గుంపులో. నేను పదేళ్లు ఒక కంపెనీలో అకౌంట్స్ చూశాను. "లెక్కలు వచ్చు కదా, ఆఫీసు మీరు చూడండి" అని టీచర్లు అడిగితే సరేనన్నాను. ఫీజుల రిజిస్టరు, అడ్మిషన్ల రిజిస్టరు, టీసీ పుస్తకం, జీతాల ఫైలు మూడు రోజుల్లో అర్థమయ్యాయి. ఇరవై ఏడేళ్లు ఒక్క మనిషి నడిపిన ఆఫీసులో ఒక్క కాగితం కూడా తప్పిపోలేదు. బీరువా తాళంచెవికి ఎర్ర దారం, మందుల డబ్బాకు పచ్చ దారం, పంపు గదికి తెల్ల దారం. కరెంటు పోయినప్పుడు చీకట్లో తడిమి పట్టుకోవడానికి పంపు గది దారానికి రెండు ముడులు.

అర్థం కానిదల్లా ఒక్కటే. బీరువా కింది అరలో, ఎండిపోయిన స్టాంపు ప్యాడ్ల వెనక, ఎర్ర అట్ట పొడుగు పుస్తకాలు పదకొండు దొరికాయి. కిరాణా కొట్లో ఖాతా రాసుకునే రకం. లోపల పిల్లల పేర్లు, పేర్ల పక్కన పెన్సిల్‌తో గుర్తులు. వివరం ఒక్క చోట కూడా రాసి లేదు. కొందరి పక్కన సున్నా, మధ్యలో చుక్క. కొందరి పక్కన రెండు నిలువు గీతలు, మధ్యన ఒక అడ్డగీత. ఇద్దరు ముగ్గురికి చిన్న గడియారం బొమ్మ, ముల్లు ఒంటిగంట మీద. చాలామందికి నీళ్ల అల లాంటి గీత. పెద్ద గుంపు పిల్లల పక్కన 9, 8, 7 అని అంకెలు, ఒక్కోటి కొట్టేసి ఉంటుంది. ఇవి కాక నలుగురి పక్కన మూడు చుక్కలు, పొయ్యి రాళ్లు పేర్చినట్టు.

ఇప్పుడు ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన నెల బాకీ ఉన్న ఫీజుల చీటీలు రాసి పిల్లల డైరీల్లో పెట్టాను. నేను పనిచేసిన చోట ఎవరి బాకీ వాళ్లకు గుర్తుచేయడం మామూలు విషయం. అందులో ఒక పాప మర్నాడు బడికి రాలేదు. మూడో రోజూ రాలేదు. నాలుగో రోజు వాళ్లమ్మ వచ్చి, "డబ్బులు కట్టేదాకా రానంటోంది మేడమ్" అని తల వంచుకుని చెప్పింది. ఆ సాయంత్రం ఎర్ర పుస్తకం తీసి చూస్తే ఆ పాప పేరు పక్కన సున్నా, మధ్యలో చుక్క ఉన్నాయి. తప్పు నాదే. వాళ్లింటికి వెళ్లి, ఆ పాపతో మాట్లాడి తీసుకొచ్చాను. కానీ ఇలాంటిది ఇంకోటి నా చేతుల మీదుగా జరగకూడదు. ఒక పేజీ ఫోటో కింద పెడుతున్నాను. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గేటు_అవతల_98

అక్కా, ఆ అల గుర్తు నాకు తెలుసు. ఆ గుర్తు పుట్టిన రాత్రి నేను అక్కడే ఉన్నాను.

2000 ఆగస్టు వాన మన వయసు వాళ్లెవరూ మరిచిపోరు. ఒక్క రోజులో నగరంలో 24 సెంటీమీటర్లు పడింది. హుస్సేన్‌సాగర్ పొంగి కింద ఉన్న కాలనీలన్నీ మునిగిపోయాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సాయంత్రం తీసుకెళ్లడానికి ఎవరూ రాలేకపోయిన పిల్లలం పధ్నాలుగు మందిమి బడిలోనే ఉండిపోయాం. మా ఇల్లు నాలా పక్కనే. అమ్మ, చెల్లి ఇంట్లో ఉన్నారు. నాన్న డ్యూటీలో ఉన్నాడు.

ఆఫీసక్క దగ్గర అప్పుడు ఒక్క ల్యాండ్‌లైన్ ఉండేది, నల్లది, డయల్ తిప్పేది. మా ఇళ్లల్లో ఎవరికీ ఫోన్లు లేవు, అన్నీ పీపీ నంబర్లే, అంటే పక్కవాళ్ల ఫోన్‌కు చేస్తే మమ్మల్ని పిలిచేవాళ్లు. కిరాణా కొట్టు, ఎస్‌టీడీ బూత్, ఎదురింటి ఆంటీ. ఆ నంబర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. పుస్తకం తీయకుండానే తిప్పుతూ ఉండేది. "అన్నా, మీ గల్లీల నీళ్లు ఎంత దాక వచ్చినయ్? మోకాళ్ల దాకనా? గా మూలమీది ఇంట్ల తల్లీ పిల్లా ఉన్నరు, జర పైకి ఎక్కియ్యవా నీ పుణ్యముంటది." మా అమ్మను, చెల్లిని ఆ కిరాణా కొట్టు అంకుల్ వాళ్ల డాబా మీదికి ఎక్కించాడు. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. నాకు చెప్పింది ఒక్కటే: "మీ అమ్మ డాబా మీద ఉన్నది, చాయ్ తాగుతున్నది. నువ్వు తిను."

బియ్యం డబ్బాలో ఉన్నదంతా వండి, మామిడికాయ తొక్కు కలిపి ముద్దలు చేసి పెట్టింది. కరెంటు లేదు. కొవ్వొత్తులు రెండే ఉంటే ఒకటి వెలిగించి ఒకటి దాచింది. గోడ గడియారం గంటకోసారి కొడుతుంటే లేచి గేటు దాకా వెళ్లి, మెట్ల మీద నీళ్లు ఎన్ని మెట్లు ఎక్కాయో చూసి వచ్చేది. తెల్లారేదాకా ఆమె పడుకోలేదు. ఎందుకు తెలుసంటే నేనూ పడుకోలేదు. రెండో కొవ్వొత్తి మూడింటికి వెలిగించింది.

ఆ వాన తర్వాత వారంలోనే మా అందరినీ ఇళ్లెక్కడో అడిగి రాసుకుంది. నాలా పక్కన, పల్లంలో ఉండేవాళ్ల పేర్ల పక్కన అల. ఆ తర్వాత ఆకాశం నల్లబడిందంటే చాలు, మమ్మల్ని ముందు ఇళ్లకు పంపేసేది, లేదా ఎవరూ ఇల్లు కదలొద్దని ఆ నంబర్లన్నింటికీ ఫోన్లు చేసేది. మిగతా పిల్లలు "వాళ్లను ఎందుకు ముందు పంపుతున్నారు" అని అడిగితే, "వాళ్లది దూరం" అనేది. మాది దూరం కాదు, నడిస్తే ఐదు నిమిషాలు.

మీ దగ్గర ఇప్పుడున్న పిల్లల్లో అల ఉన్నవాళ్ల అడ్రసులు ఒకసారి చూసుకోండి అక్కా. 2020 అక్టోబరు వానప్పుడు ఆమె రాత్రి పదకొండింటికి మా అన్న కొడుకు కోసం ఫోన్ చేసింది.

ఒక_నాన్న

గడియారం ముల్లు ఒంటిగంట మీద ఉన్న పేర్లలో ఒకటి మా అబ్బాయిది అయి ఉంటుంది. పేరు రాయను.

వాడికి నాలుగో ఏట నుంచి ఫిట్స్. మందు రోజుకు మూడు పూటలు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకటి తప్పనిసరి. అంతకుముందు చేర్చిన ఒక పెద్ద స్కూల్లో, "పిల్లాడి బాధ్యత మేం తీసుకోలేం, వేరే పిల్లలు భయపడతారు" అని చెప్పి టీసీ చేతిలో పెట్టారు. ఆ కాగితం పట్టుకుని ఇక్కడికి వచ్చిన రోజు నేను ఆమెకు ఏమీ దాచలేదు. అంతా విని, "సిరప్పా, గోలీయా? అన్నం ముందా, తిన్నంకనా?" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

చేరిన రెండో నెలలో బడిలోనే వచ్చింది. నేను ఫీజు కట్టడానికి వెళ్లి అక్కడే ఉన్నాను కాబట్టి కళ్లారా చూశాను. నేరేడు చెట్టు కింద పడిపోయాడు. చుట్టూ జనం చేరారు. "తాళాలు చేతుల వెట్టుండ్రి, తాళాలు!" అని ఒకాయన, ఉల్లిగడ్డ తెమ్మని ఇంకొకామె, నోట్లో చెంచా పెట్టమని మరొకరు. తండ్రిని, నేనే చేతులు వణుకుతూ నిలబడిపోయాను. ఆఫీసక్క నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి ఉంటుంది కదా. అందరూ దానికేసి చూస్తున్నారు. ఆమె ఆ గుత్తి తీసి దూరంగా గట్టు మీద పెట్టింది. వాడి పక్కన కూర్చుని చొక్కా మెడ గుండీ విప్పింది, తన చీర కొంగు మడిచి తల కింద పెట్టింది, మెల్లగా పక్కకు తిప్పింది. పళ్ల మధ్య ఏమీ పెట్టనివ్వలేదు, కాళ్లు చేతులు పట్టనివ్వలేదు. తర్వాత తల ఎత్తి ఆఫీసు గోడ మీది గడియారం చూస్తూ కూర్చుంది. అందరం ఆమె ముఖమే చూస్తున్నాం. ఆమె గడియారం నుంచి కళ్లు తిప్పలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "ఐదు దాటితే ఆటో పిలువుండ్రి, గేటు కాడ నిలవెట్టుండ్రి" అంది. మూడు నిమిషాల ముప్పావుకు ఆగింది. ఆ నిమిషాలు కాగితం మీద రాసి, "డాక్టర్‌కు గిది చూపియ్యి" అని నాకు ఇచ్చింది. ఆ డాక్టరుగారు ఆ చీటీ చూసి, ఇంత సరిగ్గా రాసింది ఎవరని అడిగారు.

వాడు ఆ బడిలో ఉన్న ఏడేళ్లూ ఒంటిగంటకు ఆఫీసులోకి వెళ్లి, స్టాంపు వేసే పని చేసి వచ్చేవాడు. అందరూ అదే అనుకునేవాళ్లు. పుస్తకాలకు బడి ముద్ర వేయడానికి రోజూ ఒక పిల్లాడు ఎందుకు అవసరమో ఎవరూ అడగలేదు. మావాడు ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మందు ఆపి నాలుగేళ్లు.

మీరు మందుల డబ్బా తాళంచెవి అన్నారు కదా, పచ్చ దారం. ఆ డబ్బా మూత లోపలి వైపు చూడండి. ఎవరికి ఎన్ని గంటలకు ఏ మందో అక్కడ అతికించి ఉంచేది.

పాత_టీచరు

అమ్మా, ముందుగా ఆ ఫోటో తీసేయండి. కోపంతో అనడం లేదు. పేర్లు కనబడుతున్నాయి. ఆమె అవి గుర్తుల్లో రాసింది ఎవరైనా పుస్తకం తిరగేసినా తెలియకూడదనే. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చినప్పుడు నేనే అన్నాను, ఇది కూడా అందులో ఎక్కిద్దాం, వెతకడం సులువు అని. "కంప్యూటర్ల వెడితే అందరు చూస్తరు టీచరమ్మా. గిది చూసేది కాదు" అంది. బడి వివరాలు, ఆధార్ నంబర్లు, పిల్లల లెక్కలు అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించమంటే రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని ఎక్కించిన మనిషే. ఈ పదకొండు పుస్తకాల్లో ఒక్క అక్షరం కూడా అందులోకి పోనివ్వలేదు.

రెండు నిలువు గీతలు, అడ్డగీత అంటే గేటు. ఆ పిల్లల్ని ఎవరికిబడితే వాళ్లకు అప్పగించకూడదు. తల్లిదండ్రులు కోర్టులో ఉన్నవాళ్లు, ఇంకా చెప్పకూడని కారణాలు ఉన్నవాళ్లు. ఒకసారి ఒక తండ్రి చాక్లెట్ డబ్బాతో వచ్చాడు. బాబును బయటికి తీసుకెళ్తానన్నాడు. ఆమె కాదనలేదు, గొడవ పడలేదు. కూర్చోమంది, చాయ్ తెప్పించింది, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది, ఫారం నింపాలని ఒక పాత ఫారం తీసింది, పెన్ను రాయడం లేదని ఇంకో పెన్ను వెతికింది. నలభై నిమిషాలు గడిపింది. ఈలోగా నేను వెనక గదిలో నుంచి తల్లికి ఫోన్ చేశాను. ఆ తల్లి వచ్చింది, తల్లిదండ్రులిద్దరూ ఆఫీసు తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. ఆ బాబు అప్పుడు పెరట్లో బంకమట్టితో ఏనుగు చేస్తున్నాడు. వాళ్ల నాన్న వచ్చిన సంగతే వాడికి తెలియదు.

ఆమె చదువుకుంది ఇంటర్ వరకే. కానీ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, మాలో ఎవరికీ తోచకముందే దాని ప్రతి తెప్పించి పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివింది. మా అందరికీ ఒకటే టెన్షన్, గుర్తింపు లేకుండా బడి నడపకూడదని 18వ సెక్షన్ చెబుతోంది కదా, ఈ అద్దె ఇంట్లో మన బడి నిలుస్తుందా అని. ఆమె కూడా భయపడింది, అబద్ధం చెప్పను. అయితే భయపడుతూనే, బడికి ఏమేం ఉండాలో చెప్పే ఆ చట్టం షెడ్యూల్ ముందు పెట్టుకుని ఒక్కో లైనుకు ఎదురుగా మన దగ్గర ఏముందో రాసింది. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు మరుగుదొడ్లు, ఉన్నాయి. తాగునీరు, ఉంది. నడవలేని పిల్లలు కూడా రాగలిగే దారి, లేదు. ఆ ఎండాకాలమే ముందు మెట్లు సగం కొట్టించి ర్యాంపు పోయించింది. ఆఫీసు, స్టోరు, హెడ్‌మాస్టర్ గది మూడూ కలిపి ఒక గది ఉంటే చాలని ఆ షెడ్యూల్‌లోనే ఉంది. అది చూసి తన మెట్ల కింది గదిని కొలత టేపుతో కొలిచి, కాగితం మీద రాసి, సంతకం చేసింది. ఫైలు కదిలేదాకా ఎన్నిసార్లు ఎండలో తిరిగిందో నాకు తెలుసు. ఒక చోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. మర్నాడు టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్లింది.

ఆ చట్టంలో రెండు మాటలు మాత్రం ఆమెకు ప్రాణం. పుట్టిన తేదీ రుజువు లేదని పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. ఆ సెక్షన్లు జెరాక్స్ తీయించి డ్రాయర్లో కట్టగా పెట్టుకునేది. మన బడిలో చోటు లేక వేరే బడికి పంపవలసి వచ్చిన ప్రతి తల్లికీ ఒక కాపీ చేతిలో పెట్టి, "గిది చూపియ్యి, మెల్లగ మాట్లాడు, అరవకు" అని చెప్పి పంపేది.

కొత్త_ఆఫీసు

టీచర్‌గారూ, ఫోటో తీసేశాను. నాకు ఆ ఆలోచనే రాలేదు, క్షమించండి. ఇప్పటికే చూసినవాళ్లు దయచేసి ఎక్కడా పెట్టకండి.

మందుల డబ్బా మూత చూశాను. నాలుగు కాగితాలు ఒకదాని మీద ఒకటి అతికించి ఉన్నాయి. పైదాంట్లో ఒక్క పేరే ఉంది, ఇప్పుడు చిన్న గుంపులో ఉన్న బాబు. వాడు రోజూ ఒంటిగంటకు ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడుతున్నాడు. "ఏం నాన్నా?" అంటే ఏమీ చెప్పడు, వెళ్లిపోతాడు. ఊరికే వస్తున్నాడనుకున్నాను. ఇప్పుడే వాళ్ల అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. ఆఫీసక్క పోయాక బడిలో ఇంకొకరికి చెప్పడానికి జంకి, ఆమే రోజూ మధ్యాహ్నం పని మధ్యలో బస్సెక్కి వచ్చి గేటు బయట మందు వేసి వెళ్తోందట. రేపటి నుంచి నేను వేస్తాను.

లెక్కలు_మిగిలినయ్

9, 8, 7 నేనే చెప్తాను. ఆ పేజీలో నా పేరు పక్కన 4 దాకా కొట్టేసి ఉంటుంది, 3 మిగిలి ఉంటుంది.

మన బడిలో పెద్ద గుంపు పిల్లలు పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో రాస్తాం కదా. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్‌లో చేరితే సర్టిఫికెట్‌కు ఐదు సబ్జెక్టులు పాస్ కావాలి, దానికి ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మళ్లీ రాయక్కర్లేదు. ఇదంతా నాకు ఆఫీసక్క చెబితేనే తెలుసు. తెలుగు, సోషల్, హోమ్ సైన్స్, సైన్స్ మొదటి రెండుసార్లలో అయిపోయాయి. లెక్కలు మాత్రం పోతూనే ఉన్నాయి.

మా ఇంట్లో ఫెయిల్ అనే మాట రోజూ వినబడేది. మా పెద్దమ్మ కూతురు అదే ఏడాది మామూలు స్కూల్లో పదిలో మంచి మార్కులు తెచ్చుకుంది. రిజల్ట్ వచ్చిన ప్రతిసారీ నేను ఇంటికి పోకుండా ముందు ఆఫీసుకు పోయేదాన్ని. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, ఎర్ర పుస్తకం తీసి, పెన్సిల్‌తో ఒక అంకె కొట్టేసి, "ఇంక ఆరు ఉన్నయ్" అనేది. అంతే. "ఎందుకు పోయింది", "ఎంతొచ్చింది" అని అడిగేది కాదు. తర్వాత పెన్సిల్ నా చేతికిచ్చి చెక్కమనేది. ఆ చెక్కుడు అయ్యేలోపు నా ఏడుపు ఆగేది. పెన్సిల్ పొట్టు డ్రాయర్లో ఒక అగ్గిపెట్టెలో వేసేది, నేల మీద పడనిచ్చేది కాదు.

ఏడోసారి పాసయ్యాను. చెప్పడానికి వెళ్తే పుస్తకం తీసి, 3 దగ్గర ఆగిపోయి, కొట్టేయకుండా అలాగే ఉంచింది. "గీ రెండు నీకు మిగిలినయ్, ఉండనీ" అంది. మూడు కాదా అక్కా అంటే, "ఈసారిది వాడినవ్ గదనే పోరి" అంది. లెక్కలు పాసైన రోజు కూడా నాకు తీసివేత తప్పింది. గట్టిగా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది తక్కువ, అందుకే రాస్తున్నాను.

నేను ఇప్పుడు ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని.

మెట్టుగూడ_తమ్ముడు

నాకు గుర్తులేమీ తెలియవు. నేను రెండేళ్లే ఉన్నాను. ఆమె ఉర్దూలో మాట్లాడితే మా నానమ్మకు చాలా ఇష్టం. నన్ను తీసుకెళ్లడానికి వచ్చి, నేను బయటికి వచ్చేసినా ఇంకో అరగంట ఆఫీసులో కూర్చుని మాట్లాడేది. సభ రోజు నానమ్మ కూడా వస్తానంది, మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది. అదొక్కటి చెప్పాలనిపించింది.

వడ్రంగి_కూతురు

సున్నా, మధ్యలో చుక్క. అక్కా, మీరు దాదాపు కనిపెట్టేశారు. ఆ పిల్లల దగ్గర ఫీజు మాట ఎత్తకూడదు. చీటీ పంపకూడదు, డైరీలో రాయకూడదు, పిల్ల వింటుండగా తల్లిదండ్రుల్ని అడగకూడదు. సున్నా పిల్ల చెవి, చుక్క అందులో పడకూడని మాట. నాకు ఇలా చెప్పింది ఆమే. నేను పెద్దయ్యాక, నా పెళ్లి కార్డు ఇవ్వడానికి వెళ్లినప్పుడు.

మా నాన్న వడ్రంగి. ఒక ఏడాది భుజం విరిగి ఎనిమిది నెలలు పని లేదు. ఆ ఎనిమిది నెలల్లో ఫీజు కట్టలేదన్న సంగతి నాకు తెలియనే తెలియదు. తోటి పిల్లలతో పాటే పిక్నిక్‌కు వెళ్లాను, కొత్త పుస్తకాలు తెచ్చుకున్నాను. భుజం బాగయ్యాక నాన్నను పిలిచి, బడిలో ఊగుతున్న పీటలు, బల్లలు చూపించిందట. నాన్న నాలుగు ఆదివారాలు వచ్చి అన్నీ బాగుచేశాడు. ఆమె ఊరికే చేయించుకోలేదు. రోజు కూలీ బయట ఎంతుందో కనుక్కుని, ఆ లెక్కన రాసి, మిగిలింది నెలకు కొంచెంగా కట్టించుకుంది. రసీదు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. "పని రూపంలో ముట్టినది" అని రాసి, కింద బడి ముద్ర, పక్కన ఆమె పొడి అక్షరాల సంతకం. నాన్న ఆ రసీదును రేషన్ కార్డు పెట్టే కవర్లో పెట్టుకున్నాడు. బాకీ మాఫీ చేస్తామని ఎవరైనా అనుంటే మా నాన్న నన్ను బడి మాన్పించేవాడు. ఆయన సంగతి నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

ఆఫీసులో కిటికీ పక్కనున్న ఎత్తు పీట నాన్న చేసిందే. దానికి ఒక కాలు కొంచెం ఎరుపు, ఆ కర్ర వేరు.

మూడు చుక్కలు నాకు తెలియదు. పొయ్యి రాళ్లు అన్నారు కాబట్టి, ఇంట్లో తిండి లేని పిల్లలా?

గేటు_అవతల_98

తిండి కాదనుకుంటా చెల్లీ. ఫోటో తీసేయకముందు చూశాను, ఆ నలుగురిలో ఒకడు నాతో చదివినవాడే. పేరు రాయను. వాళ్లది బాగా ఉన్న కుటుంబం. వాడి క్యారియర్లో రోజూ నాలుగు గిన్నెలు ఉండేవి, మాకందరికీ పెట్టేవాడు. తిండికి లోటు లేదు.

ఒకటి మాత్రం గుర్తుంది. వాడిని ఆఫీసక్క ఎప్పుడూ సెలవుల ముందు రోజు ఆఫీసులోకి పిలిచేది. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు, ఏవైనా సరే. తలుపు వేసేది. వాడు బయటికి వచ్చాక ఏమీ చెప్పేవాడు కాదు. ఇప్పుడు వాడు ఎక్కడున్నాడో తెలియదు. వెతుకుతాను.

పాత_టీచరు

ఆ మూడు చుక్కల గురించి నేనూ ఒకసారి అడిగాను. "గది నాకొక్కదానికే తెల్వాలె టీచరమ్మా" అంది. అంతకు మించి అడగలేకపోయాను. అడగవలసింది.

కొత్త_ఆఫీసు

అందరికీ దండాలు. ఒక్క రాత్రిలో ఇన్ని సంగతులు తెలుస్తాయనుకోలేదు. ఎర్ర కాలు పీట మీద కూర్చునే ఇది రాస్తున్నాను.

పన్నెండో పుస్తకం మొదలుపెట్టాను. ఎర్ర అట్టదే దొరికింది, సుల్తాన్ బజార్‌లో. గుర్తులు ఆమెవే ఉంచాను. ఇప్పుడు బడిలో ఉన్న అరవై రెండు మంది పేర్లు రాసి, అలలు, సున్నాలు, గేట్లు పాతదాంట్లో చూసి ఎక్కించాను. కొత్తగా చేరినవాళ్ల ఇళ్లకు ఈ వారం నుంచి వెళ్తున్నాను. నిన్న నాలాకు దగ్గరలో రెండు ఇళ్లు చూసి వచ్చి రెండు అలలు గీశాను. ఒంటిగంటకు బాబు వచ్చాడు. స్టాంపు, ప్యాడ్ ఇచ్చాను. మందు వేసుకుని, కాగితం మీద వరుసగా ఎనిమిది ముద్రలు వేసి వెళ్లాడు.

దసరా సెలవులకు ఇంకా పంతొమ్మిది రోజులు ఉన్నాయి. మూడు చుక్కలు ఉన్న ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు బడిలోనే ఉన్నారు. తెలిసినవాళ్లు ఎవరైనా, ఎంత చిన్న సంగతైనా సరే, ఇక్కడ రాయకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి. లేదా బడికి రండి. సాయంత్రం ఆరింటి దాకా ఆఫీసులోనే ఉంటాను.